సోమ్లి ఆపుకున్న ఏడుపు

దేవ్లా తండాకు చుట్టం వచ్చిన సంగతి కళ్ల కంటే ముందు చెవులకు తెలుస్తుంది. ఏన్కూరు రోడ్డు మీద బస్సు దిగి, పత్తి చేల మధ్య నుంచి నడిచి మొదటి ఇల్లు దాటేసరికి ఆ చుట్టం తాలూకు ఆడవాళ్లు ఎదురొస్తారు. మెడ చుట్టూ చేతులు వేసి, భుజానికి తల ఆనించి, రాగం తీసి ఏడుస్తారు. అది ఏడుపే, పాట కూడా. నువ్వు పోయినాక ఎవరు పోయారో, ఏ ఆవు ఈనిందో, నీ కోసం దారి ఎట్లా చూశానో అంతా ఆ రాగంలోనే చెప్పాలి. వచ్చినది ఆడమనిషైతే అదే రాగంలో జవాబివ్వాలి. మగవాడైతే మెడ వంచి నిలబడితే చాలు. ఇదంతా అయ్యాకే చెంబుతో మంచినీళ్లు. రోడ్డున పోయే బయటివాళ్లు ఎవరో చచ్చారనుకుని సైకిలు దిగి చూస్తారు. తండావాళ్లకు మాత్రం మనిషి వచ్చాడనడానికి గుర్తు అదే. ఏడ్చి కలుపుకోనివాడు ఇంకా దారిలో ఉన్నట్టే లెక్క.

ఆ లెక్కన హాతీరాం ముప్పై ఏళ్లుగా దారిలోనే ఉన్నాడు.

మేనత్తలు అతని మెడ పట్టుకున్నారు. పెద్దమ్మ పట్టుకుంది. మిర్చి ఏరడానికి గుంటూరు వైపు పోయి వచ్చినప్పుడల్లా వరస కలిసిన ప్రతి ముసలమ్మా అతని చొక్కా భుజం తడిపింది. కన్నతల్లి సోమ్లి మాత్రం పట్టలేదు. ఆమె ఎవరి మెడా పట్టదు. తండాకు ఎవరు వచ్చినా చీర చెంగు తల మీదికి లాక్కుని ఇంట్లోకి పోతుంది, ఏడుపులన్నీ అయ్యాక నీళ్ల చెంబుతో బయటికి వస్తుంది. మొగుడు లాల్‌సింగ్ పోయిన రోజున కూడా అన్నదమ్ములు ఎదురొస్తే చేతులు కట్టుకునే నిలబడింది. తండా నోరు నొక్కుకుంది. కారణం తెలిసినవాళ్లు గనుక ఎవరూ ఏమీ అనలేదు.

కారణం పేరు మోతీ. హాతీరాంకు అక్క.

రెండువేల ఆరు ఎండాకాలంలో కవిత స్కూటీ మీద వచ్చి ఆ పేరును మళ్లీ బయటికి తీసింది. కవిత ఏన్కూరులో ఏఎన్ఎం. ఇదే తండా పిల్ల, అయిదేళ్ల వయసు నుంచి హాస్టళ్లలోనే పెరిగింది. ఉద్యోగం కాక ఒక సంఘం పెట్టుకుని తిరుగుతుంటుంది. హాస్టళ్లకు పోయి తిరిగి రాని పిల్లల తల్లిదండ్రుల సంఘం. అందులో లంబాడాలు ఉన్నారు, కోయవాళ్లు ఉన్నారు. హాతీరాంకు సంఘాల మీద నమ్మకం లేదు. నిజానికి అతనికి దేని మీదా పెద్దగా లేదు.

"కాకా, ఇప్పలమడుగు హాస్టలు పడగొడుతున్నరంట" అంది కవిత.

హాతీరాం ట్రాక్టరు కింద పడుకుని బోల్టు బిగిస్తున్నాడు. బయటికి రాలేదు. "పడగొట్టనియ్. నా చిన్నప్పుడు నేనే పడగొడదామని చూసిన, నాతోని కాలే."

"పాత షెడ్లే కాదు కాకా. ఎనక జాగ మొత్తం చదును చేస్తరంట. మూడంతస్తుల బిల్డింగు, ఆటల గ్రౌండు. జేసీబీ వచ్చి నిలబడ్డది."

ట్రాక్టరు కింద పానా చప్పుడు ఆగింది. కాసేపటికి హాతీరాం పాక్కుంటూ బయటికి వచ్చి, మెడ మీది తువ్వాలతో చేతులు తుడుచుకున్నాడు. ఆ తువ్వాల అతని మెడ మీద ఎప్పుడూ ఉంటుంది, చలికాలమైనా ఎండాకాలమైనా.

"ఎనక జాగంటే, ఇప్పచెట్ల కాడనా?"

"అవ్ కాకా."

ఇంటి అరుగు మీద సోమ్లి జొన్నలు చెరుగుతోంది. చేట ఆగలేదు. కానీ ఆమె విన్నదని హాతీరాంకు తెలుసు. ఎందుకంటే చెరిగిన జొన్నలనే మళ్లీ చెరుగుతోంది.

ఇప్పలమడుగు కొత్తగూడెం దాటి గోదారి వైపు అడవిలో ఉంటుంది. ఇందిరమ్మ కాలంలో జీపు వేసుకుని ఒక సారు తండాకు వచ్చి, మీ పిల్లలను ఇట్లా వదిలేస్తే అడవి మనుషులుగానే ఉండిపోతారు, మాకివ్వండి, మనుషులను చేసి ఇస్తాం అన్నాడు. లాల్‌సింగ్ నమ్మాడు. అతన్ని తప్పు పట్టడానికి లేదు, తన బతుకు తన పిల్లలకు వద్దనుకున్నాడు. కూతురినీ కొడుకునీ ఇద్దరినీ ఇచ్చాడు. అక్కడ మోతీ జుట్టు కత్తిరించి, ఆమె పూసలూ అద్దాల పావడా మూటకట్టి అటక మీద పడేశారు. హాతీరాం అన్న పేరు పలకడానికి బాగా లేదని రామారావు అని పెట్టారు. తండా మాట నోట్లోంచి వస్తే ఎండలో కంకర మీద మోకాళ్లు వేయించేవారు. రామారావు మోకాళ్ల మీద ఆ మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. రామారావు మాత్రం ఎటో పోయాడు.

ఇవన్నీ ఓర్చుకున్నవే. ఓర్చుకోలేనిది వేరే జరిగింది.

మొదటి నెల చివర తల్లులందరూ కలిసి పిల్లలను చూడటానికి పోయారు. గేటు దగ్గర పిల్లలు కనబడగానే, అలవాటు ప్రకారం, మెడలు పట్టుకుని అందరూ ఒక్కసారి రాగం ఎత్తారు. లోపల అన్నం తింటున్న వార్డెను ఏదో ఘోరం జరిగిందని ఎంగిలి చేత్తోనే పరుగెత్తుకొచ్చాడు. వరండాలో మిగతా పిల్లలంతా బావురుమన్నారు. ఆ పూట ఎవరూ అన్నం ముట్టలేదు. వార్డెనుకు తిక్క రేగింది.

"ఇది బడా, వల్లకాడా?" అన్నాడు. "ఇంక మీద ఏడ్చేవాళ్లు రావద్దు. కళ్లు తుడుచుకుని, నవ్వుకుంటూ రండి. చూసుకుని పొండి. ఎవరు వద్దన్నారు?"

తన మటుకు తాను మంచి మాటే చెప్పానని అనుకుని ఉంటాడు. తండాకు తిరిగొచ్చిన తల్లులు కూర్చుని ఆలోచించారు. పొడి కళ్లతో ఎదుట నిలబడటమంటే వాళ్లలో ఒక్కటే అర్థం. కులపంచాయితీలో వెలేసిన మనిషి ముందు అట్లా నిలబడతారు. నువ్వు మాకు ఏమీ కావు అని చెప్పడానికి నిలబడతారు. కడుపున పుట్టిన బిడ్డ ముందు పోయి అట్లా నిలబడితే ఆ బిడ్డకు తగిలే కీడు ఎవరు తీస్తారు? దానికంటే పోకపోవడమే మేలనుకున్నారు. రొట్టెల మూటలు మగవాళ్లతో పంపారు. ప్రేమ కొద్దీ పోలేదు. ఆ ప్రేమ పిల్లలకు ఎవరూ చెప్పలేదు.

ఆ వానాకాలం అడవిలో జ్వరాలు లేచాయి. వాగులు పొంగి దారులు తెగిపోయాయి. మోతీ పోయింది. ఆమెతో పాటు ఇంకొందరు కోయ పిల్లలు, లంబాడా పిల్లలు. దవాఖానాకు తీసుకుపోవడానికి బండి రాలేదన్నారు. కబురు పంపడానికి దారి లేదన్నారు. తీజ్ పండగకు పిల్లలను తీసుకుపోదామని లాల్‌సింగ్ ఎట్లాగో వాగు దాటి పోతే, వెనక పాతిపెట్టాం, ఎక్కడో ఆ ఇప్పచెట్ల కింద, అన్నారు. పాతేటప్పుడు హాతీరాంను, మిగతా పిల్లలను అటు రానివ్వలేదు. వానకు మట్టంతా ఒక్కటైపోయి ఉంది. ఎక్కడో అన్న ఆ మాటనూ, కొడుకునూ తీసుకుని అతను తిరిగొచ్చాడు.

ఇంటి దగ్గర సోమ్లి కూతురి పేరున తీజ్ బుట్టలో గోధుమలు చల్లి ఉంచింది. పెళ్లికాని పిల్లలు పండగ రోజులంతా నీళ్లు పోసి పెంచే మొలకలవి. మోతీ వచ్చేదాకా అని తనే నీళ్లు పోస్తోంది. లాల్‌సింగ్ సంగతి చెప్పాడు. హాతీరాం పరుగెత్తుకుంటూ పోయి తల్లి ముందు నిలబడి మెడ వంచాడు. ఆ ఏడుపు కోసమే అతను ఇన్ని నెలలూ కంకర మీద మోకాళ్లు ఆనించాడు. సోమ్లి అడుగు వెనక్కి వేసింది.

"నా మోతీ మెడ పట్టుకొని ఏడ్సిందాక ఇంకెవ్వరి మెడ పట్ట" అంది. "నా బిడ్డకు లేని ఏడుపు ఎవ్వరికీ లేదు."

హాతీరాం మళ్లీ బడికి పోలేదు. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఆ వంచిన మెడను పూర్తిగా ఎత్తిందీ లేదు.

జేసీబీ ముందు సంఘం వాళ్లు టార్పాలిన్ పరిచి కూర్చున్నారు. హాతీరాం కూడా పోయి కూర్చున్నాడు. నినాదాలకు నోరు కలపలేదు. అతని పక్కన గంగయ్య చేరాడు. గంగయ్య ఇప్పలమడుగు అవతలి గూడెం కోయ, హాస్టల్లో హాతీరాం పక్క చాప. గంగయ్య తమ్ముడు కూడా ఆ చెట్ల కిందే ఉన్నాడు.

"ఏంరా రామారావు, సంఘంల చేరినవా?" అన్నాడు గంగయ్య.

"నువ్వున్నవని తెలిస్తే రాకపోదును."

"మా అడివిల మీ తండాలు పెట్టుకుంటిరి. ఇప్పుడు మా ధర్నాల జాగ కూడ మీకే కావాల్నా? జరుగు జర."

"నీ అడివేందిర, ఫారెస్టోడు ఒక్క పుల్ల ఏరనిస్తడా నిన్ను?"

"అదీ నిజమే" అని గంగయ్య చుట్ట వెలిగించి, సగం కాల్చి హాతీరాంకు ఇచ్చాడు. హాస్టల్లో కూడా ఒకటే చుట్ట ఇద్దరు కాల్చి ఇద్దరూ దెబ్బలు తిన్నారు.

పోలీసులు వచ్చి చూసిపోయారు. పేపరువాళ్లు వచ్చి ఫోటోలు తీసుకున్నారు. ఆఖరికి ఒక ఆఫీసరు వచ్చాడు. కుర్రవాడు, మెత్తటి మనిషి, టార్పాలిన్ మీద అందరితో పాటు కింద కూర్చున్నాడు. కాగితాల్లో ఎక్కడా సమాధుల ప్రస్తావన లేదని ముందు అన్నాడు. కాగితాలు రాసినవాళ్లే పాతిపెట్టారు గదా సార్, వాళ్లెందుకు రాస్తారు అని కవిత అడిగింది. చివరికి ఒప్పుకున్నాడు. ఇప్పచెట్ల జాగను చదును చేయరు. చుట్టూ కంచె వేస్తారు, పిల్లల పేర్లతో రాయి పెడతారు. వచ్చే నెల మొదటి ఆదివారం రాయి తెరిచే కార్యక్రమం.

"ఒక్కటే మాట అమ్మా" అన్నాడు కవితతో. "కార్యక్రమం గౌరవంగా జరగాలి. పైవాళ్లు వస్తారు. గోల, ఏడుపులు వద్దు. రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం. చాలు."

కవిత సరేనంది. అందరూ చప్పట్లు కొట్టారు. హాతీరాం ఒక్కడే నవ్వాడు. ఆ నవ్వు బాగాలేదు.

"ఎందుకు నవ్వుతున్నవ్ కాకా?" అంది కవిత, ఆఫీసరు జీపు పోయాక. "గెలిచినం మనం."

"ముప్పై ఏండ్ల కింద వార్డెను కూడ గిదే చెప్పిండు. కండ్లు తుడుసుకొని రాండ్రి అని."

"అది వేరే, ఇది వేరే. మౌనమంటే గౌరవం."

"ఎవరికి?"

కవిత టార్పాలిన్ మడవసాగింది. అలసిపోయిన పిల్ల. ఎండలో మాట్లాడి మాట్లాడి గొంతు పోయింది. "సోమ్లి దాదీని నువ్వు తీస్కరా కాకా" అంది. "ఇన్నేండ్లు అడిగింది ఆమె కోసమే గదా."

హాతీరాంకు అది ఎక్కువ మంట పుట్టించింది. ఆమె కోసమే అయితే ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు.

ఇంటికి వచ్చి తల్లికి చెప్పాడు. సోమ్లి పొయ్యి ముందు కూర్చుని రొట్టె తడుతోంది.

"జాగ దొరికిందా?"

"జాగ దొరకలే యాడీ. ఎనక చెట్ల కింద ఎక్కడో. అందరు అక్కడ్నే."

"ఎక్కడో అంటే నేను ఎవర్ని పట్టుకోవాలె?"

సోమ్లి రొట్టెను పెనం మీద వేసి, ఇంకోవైపు తిప్పింది. "మీ బాపు కూడ గట్లనే చెప్పిండు. ఎక్కడో అని. ఆ మాటకే నేను ఇన్నేండ్లు పోలే." రొట్టె కాలింది. తీసి కొడుకు ముందు పెట్టింది. "ఇప్పుడైతే పోత. ఇంక ఎన్నేండ్లు ఆగుత? మన్నంత ఒక్కటే అనుకుంట."

ఆదివారానికి వారం ముందు దూలానికి వేలాడుతున్న పాత బుట్టను దింపమంది. చీకిపోయిన బుట్ట. అందులో పుట్టమన్ను పోసి గోధుమలు చల్లింది. హాతీరాం పెళ్లాం కేళి చూసి, తీజ్ శ్రావణంలో గదా అత్తా, ఇప్పుడు ఎండలకు మొలుస్తాయా అంది. సోమ్లి తడిగుడ్డ కప్పి చీకటి మూలన పెట్టింది. మొలిచాయి. ఎండ తగలక పసుపు పచ్చగా, సన్నగా, తల వేలేసి.

ఇప్పలమడుగులో షామియానా వేశారు. మైకు పెట్టారు. రాయికి తెల్లగుడ్డ చుట్టారు. కంచె ఇంకా వేయలేదు, గుంటలు మాత్రం తవ్వి ఉన్నాయి. బుట్ట చంకన పెట్టుకుని సోమ్లి ఇప్పచెట్ల కింద నిలబడి నేలకేసి చూస్తోంది. ఎండుటాకులు, మేకల పెంటికలు. అక్కడ ఏమీ కనబడదు. కనబడేటట్టు ఎవరూ ఉంచలేదు. కోయ ఆడవాళ్లు ఒక పక్క, లంబాడా ఆడవాళ్లు ఒక పక్క కూర్చున్నారు.

పెద్దలు మాట్లాడారు. కవిత మాట్లాడింది, బాగా మాట్లాడింది, కోయవాళ్లు కూడా కళ్లు ఒత్తుకున్నారు. గుడ్డ లాగారు. పేర్లు చదివారు. మోతీ పేరు మధ్యలో ఎక్కడో వచ్చింది. తరవాత ఆ మెత్తటి ఆఫీసరు మైకు ముందుకు వచ్చి, ఈ పిల్లల జ్ఞాపకార్థం రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం అన్నాడు. అందరూ లేచి తలలు వంచారు.

అడవి కూడా ఊరుకుంది. ఎండకు పిట్ట కూడా లేదు.

సోమ్లి తల ఎత్తి చుట్టూ చూసింది. ఇంతమంది వచ్చి, పిల్లల మీద నిలబడి, పొడి కళ్లతో నోరు మూసుకుని ఉన్నారు. "ఏంది?" అంది, పక్కనున్న కొడుకుతో, తండా మాటలో, గట్టిగానే. "అందరు ఎందుకు ఊకున్నరు? మళ్లా ఎలేస్తున్నరా పిల్లగాండ్లను?"

"ఊకో యాడీ. రెండు నిమిషాలంట."

సోమ్లి బుట్టను నేల మీద పెట్టింది. రెండు చేతులూ చాపింది. రాగం ఎత్తింది.

ముప్పై ఏళ్లు వాడని గొంతు. మొదట బొంగురుగా, గాలి ఎక్కువ, మాట తక్కువగా వచ్చింది. ఒక కానిస్టేబులు ఇటు అడుగు వేశాడు. ఆఫీసరు మైకు దగ్గర నుంచే, "అమ్మా, ఒక్క నిమిషం..." అన్నాడు.

"సార్" అన్నాడు గంగయ్య, తల వంచుకునే. "మీ నిమిషం అయిపోయింది."

ఆఫీసరు మైకు ఆపేశాడు. కానిస్టేబులు ఎక్కడున్నవాడు అక్కడే ఆగాడు.

ఎవరూ ఆపకపోయినా సోమ్లి పాట ఆగిపోయింది. మొదటి చరణం అయ్యాక రెండోవైపు నుంచి జవాబు రావాలి. చాపిన చేతులు గాలిలో ఉన్నాయి. పట్టుకోవడానికి మెడ లేదు, నేల ఉంది. నేల మీద పడి ఏడవడం వాళ్లలో లేదు. సోమ్లికి ఇంకో కూతురు లేదు. కోడలు కేళి బయటి ఇంటి పిల్ల, పెళ్లికాని ఆడపిల్ల తరఫున జవాబు చెప్పకూడదు. మిగతా ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కవిత మైకు దగ్గర నుంచి పరుగున వచ్చి సోమ్లి ముందు నిలబడింది. నోరు తెరిచింది. ఇంతసేపు ఆగకుండా మాట్లాడిన నోట్లోంచి ఏమీ రాలేదు.

"దాదీ, నాకు రాదు" అంది, చిన్నపిల్ల గొంతుతో. "నాకెవ్వరు నేర్పలే."

సోమ్లి చేతులు మెల్లగా కిందికి దిగుతున్నాయి. హాతీరాం ఆ చేతులను చూశాడు. ముప్పై ఏళ్లు ఆ చేతుల కోసమే ఎదురు చూసినవాడు అవి మళ్లీ ఖాళీగా దిగిపోవడం చూడలేకపోయాడు. కవితను పక్కకు జరిపి, తల్లి ముందుకు పోయి, వంగి ఆ చేతుల్లోకి దూరాడు.

సోమ్లి తువ్వాల మీదుగానే అతని మెడ పట్టుకుంది.

"మోతీ" అంది. "నా మోతీ. బుట్టల మొలకొచ్చె, నువ్వు రాకపోతివే. నీ బుట్టకు నేను నీళ్లు పోస్తిని, నీకెవరు నీళ్లు పోసిరే. జరమొచ్చి పండుకుంటే నీ తల కాడ ఎవరు కూసుండిరే."

తండా మగవాడు ఈ పాటలో జవాబు చెప్పగా ఎవరూ వినలేదు. వింటే నవ్వేవాళ్లేమో. హాతీరాంకు రాగం తెలుసు. తనకు దక్కని పాట గనుక ఒక్క మాట వదలకుండా విన్నాడు, ప్రతి ఇంటి ముందూ, ప్రతి చుట్టం వచ్చినప్పుడూ. కానీ మోతీ ఏమంటుంది? అతను నోరు తెరిచాక మోతీ మాటలే వచ్చాయి, అప్పుడు అన్నవి అన్నట్టే. హాస్టలు కంచె పట్టుకుని సాయంత్రాలు ఆమె అన్నవి, పక్కన నిలబడి అతను విన్నవి, ఇంటికొచ్చి తల్లికి ఏనాడూ చెప్పలేకపోయినవి.

"యాడీ, కంచె కాడ నిలబడితిని. తమ్ముడు నా పక్కన నిలబడె. తొవ్వ మీద దుమ్ము లేస్తే నువ్వే అనుకుంటిని. బాపు వచ్చిండు, రొట్టె తెచ్చిండు. రొట్టెకు నీ చెయ్యి వాసన ఉండె. నువ్వెందుకు రాకపోతివి యాడీ?"

గొంతు మగది. మాటలు అరిగిపోయిన తండా మాటలు, మధ్యలో తెలుగు దూరింది. సోమ్లి పట్టు బిగిసింది. జవాబు చెప్పింది.

"తుడుసుకున్న కండ్లతోని రమ్మనిరి బిడ్డా. గట్ల నీ ముందర ఎట్ల నిలబడుదు. నిన్ను పరాయిదాన్ని ఎట్ల చేద్దు. నేను రాకపోతిని. రాకనే నిన్ను పరాయిదాన్ని చేస్తిని."

అట్లా చాలాసేపు. వెనక మిగతా ఆడవాళ్లు ఎత్తుకున్నారు. కోయ ఆడవాళ్లు తమ తీరులో తాము ఎత్తుకున్నారు. రెండు తీర్లూ కలవలేదు, కలవకుండానే ఒకదాని మీద ఒకటి పడ్డాయి. గంగయ్య పేర్ల రాయికి వీపు ఆనించి కూర్చుని కంకర ఏరి పారేస్తున్నాడు. ఆఫీసరు జీపు దగ్గరికి పోయి నిలబడ్డాడు, లోపల ఎక్కలేదు. కవిత ఆడవాళ్ల మధ్య చేరి, ఎవరి భుజమో పట్టుకుని, పెదవులు కదిలిస్తూ నేర్చుకుంటోంది.

కార్యక్రమం మౌనంగా, ప్రశాంతంగా ముగిసిందని మర్నాడు పేపర్లో వేశారు.

తిరుగు బస్సులో సోమ్లి కొడుకు భుజానికి తల వాల్చి నిద్రపోయింది. హాతీరాం కదలకుండా కూర్చున్నాడు. భుజం తడిగానే ఉంది. కానీ ఆ తడి మోతీది. తల్లి చేతులు తన మెడ చుట్టూ ఎట్లా ఉంటాయో ఇప్పుడు అతనికి తెలుసు. తెలియక ముందే నయంగా ఉండేదేమో అనిపించింది. ఆ చేతుల్లో తను లేడు. పేరు కూడా అక్కదే పిలిచింది. అక్క మీద అసూయ పడుతున్నానా అని తనను తాను తిట్టుకున్నాడు. తిట్టుకుంటే పోయేదైతే ఎప్పుడో పోయేది.

ఇక అడ్డమేమీ లేదు గదా అని అతనికి ఆశ. మరునాడు చేను నుంచి వచ్చి గుమ్మంలో కాసేపు నిలబడ్డాడు. సోమ్లి నీళ్ల చెంబు ఇచ్చింది. ఆ తరవాతి రోజు ట్రాక్టరు మీద ఏన్కూరు పోయి వచ్చి, ఇంజను ఆపకుండా హారను కొట్టాడు. సోమ్లి బయటికి వచ్చి, ఏంది ఆ లొల్లి అంది. మిగతా తండాతో ఆమె మారింది. అన్నకొడుకు సూర్యాపేట నుంచి వస్తే ముసలిది ఎదురుపోయి మెడ పట్టుకుంది. తండా అంతా గుమిగూడి చూసింది. హాతీరాం గొడ్ల పాక వెనకకు పోయి నిలబడ్డాడు.

"పోయి అడగరాదు?" అంది కేళి.

"ఏమని అడగాలె? ఇంత మనిషిని, మీసాలు నెరిసినై, పోయి నా మెడ పట్టుకొని ఏడువే అని అడగాల్నా?"

"అడిగితే ఏమైతది?"

"నీకేం తెలుసు" అని కసిరాడు. ఆ పూట తినలేదు. కంచం ముందు నుంచి లేచిపోయాడు. వయసుకు తగని అలక అని తెలిసీ లేచిపోయాడు.

సోమ్లి చూస్తూనే ఉంది. పొద్దున అతను పళ్లు తోముతుంటే వచ్చి పక్కన కూర్చుంది.

"నా మీద కోపమా?"

"నాకేం కోపం."

"మరి తిండి మీదనా?" ముసలిది నీళ్ల చెంబు అతని దగ్గరికి జరిపింది. "నీ మీద ఎట్ల ఏడ్వాలె బిడ్డా? ఇప్పుడు కండ్ల ముందరనే ఉంటివి. పొద్దున పోయి మాపటికొస్తివి. వచ్చినోని మీద ఏడుస్తరు గని, ఉన్నోని మీద ఎట్ల ఏడుస్తరు? నాకు రాగం రాదు."

హాతీరాం పుల్ల నోట్లోనే పెట్టుకుని తల్లి మొహం చూశాడు.

"ఎటన్న పోయి రా" అంది సోమ్లి. "దూరం పో. రాత్రికి అక్కడ్నే ఉండు. నేను తొవ్వ చూస్త. తొవ్వ చూస్తె వస్తది."

"ఎటు పోవాలె?"

"నాకేం తెలుసు. పని చూసుకొని పో."

పనేమీ లేదు. హాతీరాం చొక్కా మార్చుకుని బస్సెక్కి కొత్తగూడెం పోయాడు. బొగ్గు గనుల క్వార్టర్ల మధ్య తిరిగాడు. షిఫ్టు దిగి నల్ల మొహాలతో ఇంటికి పోతున్న కార్మికులను చూశాడు. వాళ్లకు ఎదురొచ్చే పిల్లలను చూశాడు. సాయంత్రం రైల్వే స్టేషనుకు పోయి బెంచీ మీద కూర్చున్నాడు. బోర్డు మీద భద్రాచలం రోడ్ అని రాసి ఉంది. ఊరు కొత్తగూడెం, పేరు ఎక్కడో గోదారి అవతలిది. దేవుడి కోసం దిగినవాళ్లు బయటికి పోయి మళ్లీ బస్సు ఎక్కాలి. తనకు రామారావు అని పెట్టినట్టే దీనికీ పెట్టారు అనుకున్నాడు. ఆ బెంచీ మీదే చేతి సంచి తల కింద పెట్టుకుని పడుకున్నాడు. పక్క బెంచీ ముసలాయన, ఏ బండికి పోతారు అని అడిగితే, ఎక్కడికీ పోను, రేపు ఇంటికి పోవాలె అన్నాడు.

మరునాడు తొందర పడలేదు. తల్లి ఇంకొంచెం దారి చూడాలని ఒక బస్సు వదిలేశాడు. రెండో బస్సు కూడా వదిలేద్దామనుకున్నాడు గానీ కాళ్లు ఆగలేదు. వచ్చేవాడు ఖాళీ చేతులతో రాకూడదు గనుక మిక్చరు పొట్లం కట్టించుకున్నాడు.

బస్సు ఏన్కూరు రోడ్డు మీద దించి దుమ్ము లేపి పోయింది. పత్తి గింజలు పెట్టడానికి సాళ్లు తీసి ఉన్నాయి. ఎప్పుడూ నడిచే తొవ్వే. ఆ రోజు పొడుగ్గా ఉంది. మలుపు తిరిగేసరికి తండా కనబడింది, తండా ముందు మొదటి ఇల్లు, దాని ముందు ఒక మనిషి. పెట్టె అడుగున దాచిన తన పాత అద్దాల పావడా కట్టుకుంది. ఎండకు అద్దాలు మెరుస్తున్నాయి. చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని తొవ్వకేసి చూస్తోంది.

హాతీరాం ఆగాడు. మెడ మీది తువ్వాల తీసి, మడిచి, మిక్చరు పొట్లంతో పాటు చంకన పెట్టుకున్నాడు. ఎండ తగలని చోట చర్మం తెల్లగా ఉంది. గాలి అక్కడ కొత్తగా తగిలింది.

తండా వైపు నుంచి రాగం మొదలైంది. అతని పేరుతో మొదలైంది. హాతీరాం నడిచాడు.